పెట్టెలకు పేర్లు, పేర్లకు వరుస

బొమ్మలూ బొత్తాలూ లేని మట్‌లోనే ఇంకా వేగులు చదువుతున్నారా అని విస్తుపోయే మిత్రులకు నేను చెప్పే కారణం వేగం కాదు, పెట్టెల జాబితా. తెరకు ఎడమపక్కనున్న ఆ పట్టీలో ఏది కనిపించాలో, ఏ వరుసలో కనిపించాలో నిర్ణయించే అధికారం అక్కడ పూర్తిగా చదువరిదే.

1995లో మైకేల్ ఎల్కిన్స్ రాసిన మట్‌కు చాలాకాలం ఈ పట్టీయే లేదు. కావలసినవారు ప్యాచ్ తెచ్చి, మూలసంకేతానికి అతికించి, మళ్ళీ కంపైల్ చేసుకొనేవారు. 2016లో వెలువడిన 1.7 కూర్పులో అది మూలంలోనే చేరింది. చేరినా, అమరికల దస్త్రంలో మనం ఒక పంక్తి రాసి పిలిచేదాకా తనంతట తాను తెరమీదికి రాదు. ఈ మర్యాద నాకెంతో నచ్చింది.

'మెయిల్‌బాక్సెస్' ఆజ్ఞలో పెట్టెల పేర్లను ఏ వరుసలో రాస్తే పట్టీ ఆ వరుసనే పాటిస్తుంది. నా పట్టీలో మొదట ఇంటివారి ఉత్తరాలు, పిదప సాహితీమిత్రులవి, అట్టడుగున బ్యాంకుల ప్రకటనలు. చదవని ఉత్తరాలు లేని పెట్టె పక్కన సున్నా చూపవద్దని 'సైడ్‌బార్ ఫార్మాట్'లో షరతు పెట్టవచ్చు. మొత్తం ఉత్తరాల సంఖ్యను కూడా ప్రతి పెట్టె పక్కనా వేసుకొనేవారున్నారు. దానివలన ప్రయోజనమేమిటో నాకైతే బోధపడలేదు.

అసలు చిక్కు తెలుగు పేర్ల దగ్గర. సర్వరు గొడవ లేదు. పాత ఐమ్యాప్ పద్ధతిలో తెలుగు పేరు అక్కడ యూటీఎఫ్-7 మారురూపంలో, అర్థంకాని రోమన్ అక్షరాల గుంపుగా దాగినా, మట్ దానిని తిరిగి తెలుగు చేసి చూపుతుంది. ఇబ్బంది టెర్మినల్‌ది. 'మిత్రులు' అన్న పేరు మనకు మూడక్షరాలు, యూనికోడ్‌కు ఎనిమిది సంకేతాలు. అన్నింటినీ గడులలో కూర్చే టెర్మినల్ లెక్కకు మన ఒత్తులూ గుణింతాలూ సరిగా లొంగవు. పేరు తరువాత వచ్చే అంకెల నిలువు వరుస కాస్తా వంకర తిరుగుతుంది.

అందుకని పెట్టెలకు రోమన్ లిపిలో పేర్లు పెట్టుకొమ్మని సలహా ఇస్తారు. నేను సమ్మతించను. లోపలి ఉత్తరం తెలుగులో ఉండవచ్చును గాని, పైనున్న పేరు ఉండకూడదా? అంకెను పేరుకు ముందుకు జరిపి, దానికి మూడు గడులు కేటాయించండి. అంకెలన్నీ బారు తీరుతాయి, తెలుగు పేరు వాటి వెనుక తనకు కావలసినంత చోటు తీసుకొంటుంది. పట్టీకి కుడివైపున్న నిలువుగీత అక్కడక్కడా కాస్త పక్కకు తొలగుతుంది. తొలగనివ్వండి.