గంట చాలదు

ఒకప్పుడు పల్లెలలో ఏదేని వార్తను ఊరివారి కందఱకు తెలుపవలసి వచ్చినప్పుడు దండోరా వేయించెడివారు. చెఱువుగట్టు తెగు ప్రమాదము కలిగినను, శిస్తు చెల్లింపవలసిన గడువు సమీపించినను, దండోరా వేయువాడు వీధి కూడలిలో నిలిచి మొదట డప్పు మ్రోగించెడివాడు. ఆ మ్రోత విని ఇండ్లలోనివారు వాకిళ్ళలోనికి వచ్చెడివారు. అటుపిమ్మట అతడు డప్పు ఆపి, గొంతెత్తి, సంగతి యేమో స్పష్టముగా చెప్పెడివాడు. జనుల దృష్టిని తనవైపు త్రిప్పుకొనుటకు డప్పు; చేయవలసిన పని తెలుపుటకు మాట. డప్పు మాత్రము వాయించి, మాట చెప్పకయే అతడు వెడలిపోయినచో, ఊరివారు ఒకరి మొగము నొకరు చూచుకొని మరల ఇండ్లలోనికి పోయెడివారే కదా!

నేటి మహానగరములలో ఒక్కొక్క పెద్ద భవనము ఒక్కొక్క ఊరివంటిది. కార్యాలయములు, వైద్యశాలలు, సినిమాశాలలు, అంగళ్ళు, నివాసగృహములు అంతస్తుపై అంతస్తుగా వెలసియున్నవి. ఒక్క కప్పు క్రింద వేలకొలది జనులు మసలుచున్నారు. రెండవ అంతస్తున నిప్పంటుకొన్నచో పండ్రెండవ అంతస్తునందలి వారికి మంట కానరాదు. పొగ వచ్చి చేరుసరికి సమయము మించిపోవచ్చును. అట్టివారిని హెచ్చరించుటకై భవనములలో గంటలు అమర్చుచున్నారు. గంట యుండుట మంచిదే. కాని గంట చెప్పగలది ఒక్కటే: ఏదో జరిగినది అని. ఎక్కడ జరిగినది? ఏ మెట్లదారి సురక్షితము? తక్షణమే దిగవలెనా, ఉన్నచోటనే నిలువవలెనా? ఈ ప్రశ్నలకు గంట సమాధానము చెప్పజాలదు. మాటలేని గంట మాటలేని డప్పువంటిదే. కావున వేలమంది మసలు ప్రతి పెద్ద భవనమునకును ఆపత్సమయమున పలుకుటకు ఒక నోరును, వినుటకు ఒక చెవియు అమర్చుట అత్యావశ్యకము. మెట్లు లేని మేడను ఎవ్వరును కట్టరు. నోరును చెవియు లేని మేడను కట్టుటయు అంతటి లోపమే యని గుర్తింపవలెను.

ఈ మాట కేవలము ఊహించి చెప్పినది కాదు. ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున మాన్యుమెంట్ అను భూగర్భ రైలుస్టేషను కలదు. ప్రూ, సైమ్ అను ఇద్దరు పరిశోధకులు, ఆపద వచ్చినప్పుడు ప్రయాణికులను వెలుపలికి పంపు అభ్యాసములను అచట వేర్వేరు విధములుగా పరిశీలించి, తాము గమనించిన విషయములను 1991లో ప్రకటించిరి. గంట మాత్రమే మ్రోగించినప్పుడు ప్రయాణికులలో పలువురు కదలనే లేదు. ఎప్పటివలెనే రైలుకొఱకు ఎదురుచూచుచు ప్లాట్‌ఫారముపై నిలిచియుండిరి. ఏమి జరిగినదో, ఏ దారిని పోవలెనో ధ్వనివర్ధకముద్వారా విడమఱచి చెప్పినప్పుడు వారు జాగు చేయక కదలిరి. మొదట కదలనివారు అవివేకులని తలపరాదు. కారణము తెలియనిదే చేతిలోని పని విడిచిపోవుట మానవస్వభావము కాదు.

సరియైన వేళ పలికిన ఒక్క మాట ఎంతమందిని కాపాడగలదో తెలుపు ఉదంతము అమెరికాలో జరిగినది. 1977 మే 28వ తేదీ రాత్రి కెంటకీ రాష్ట్రమునందలి బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ అను విందుశాలలో నిప్పంటుకొనెను. అచట ప్రమాదమును తెలుపు గంటయైనను లేదు. భవనమునందలి వినోదశాలలో వేయిమందికి పైగా కూర్చుండి హాస్యప్రదర్శనము చూచుచుండిరి. ఆ విందుశాలలో వాల్టర్ బెయిలీ అను పదునెనిమిదేండ్ల యువకుడు బల్లలపై వాడిన పాత్రలను తీయు పనిలో నుండెను. నిప్పు సంగతి తెలిసిన వెంటనే అతడు వేదిక నెక్కి, మైకు చేతబూని, భవనములో నిప్పు పుట్టినదని చెప్పి, వెలుపలికి పోవు ద్వారములను ప్రేక్షకులకు చూపెను. అదియు హాస్యములో నొక భాగమే యని కొందఱు తలచిరి. కాని అనేకులు లేచి వెలుపలికి నడచిరి. కొలది నిమిషములలోనే పొగయు మంటయు ఆ శాలను క్రమ్ముకొనెను. ఆ అగ్నిప్రమాదమువలన 165 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ యువకుడు నోరు విప్పకున్నచో మృతుల సంఖ్య ఇంకెంత పెరిగియుండెడిదో ఊహించుటయే భయంకరము.

మాట వెలువడని చోట ఏమగునో భారతదేశమునకును అనుభవమే. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీయందలి ఉపహార్ సినిమాశాలలో ప్రదర్శనము జరుగుచుండగా, క్రింది భాగమున వాహనములు నిలుపుచోట నున్న ట్రాన్స్‌ఫార్మరు మూలమున నిప్పు పుట్టెను. పొగ పైకెగసి బాల్కనీలోనికి వ్యాపించెను. ప్రేక్షకులకు హెచ్చరిక యేదియు వినిపింపలేదు. బాల్కనీలోనివారు చీకటిలో, పొగలో దారి కానక చిక్కుకొనిరి. 59 మంది మరణించిరి. చిత్రములోని ప్రతి మాటయు ప్రతి చెవికిని వినిపించుటకై కట్టిన ఆ శాలలో, ప్రాణము నిలుపు మాట ఒక్కటి వినిపింపకపోవుట ఎంతటి విషాదము!

భవనమునకు నోరు అమర్చుట యనగా నేమి? ప్రవేశద్వారమునకు సమీపమున నొక నియంత్రణగది యుండును. అందొక మైకు, ధ్వనిని పెంచు యంత్రము ఉండును. అచటినుండి ప్రతి అంతస్తునకును తీగలు పోయి ధ్వనివర్ధకములతో కలియును. ఏ అంతస్తువారితో మాటాడవలెనో ఆ అంతస్తువారితోనే మాటాడుటకు వీలుగా మీటలుండును. నిప్పంటుకొన్న అంతస్తువారిని, దానిపైనున్నవారిని ముందుగా దింపి, తక్కినవారిని పిదప దింపవచ్చును; అందఱును ఒక్కసారిగా మెట్లపై బడి త్రొక్కిసలాట జరుగకుండ కాపాడవచ్చును. ఈ తీగలు కొంతకాలము మంటకు ఓర్చునట్టివై యుండవలెను. ఒక అంతస్తునందలి ధ్వనివర్ధకములకు రెండు వేర్వేరు తీగలు కూర్చినచో, ఒకటి తెగినను రెండవదానిద్వారా మాట వినిపించును. విద్యుచ్ఛక్తి ఆగిపోయినను పనిచేయుటకు బ్యాటరీలు సిద్ధముగా నుండవలెను. ఏ భాగము చెడినను నియంత్రణగదిలో వెంటనే తెలియవలెను.

నోరు మాత్రము చాలదు, చెవియు కావలెను. అగ్నిప్రమాద సమయమున లిఫ్టు నెక్కరాదని అందఱకును చెప్పుదురు. చక్రముల కుర్చీలో తిరుగువారు, ముదుసలులు, నిండుగర్భిణులు అప్పుడేమి చేయవలెను? అట్టివారు పొగ చొరని గోడల నడుమ, మెట్లకు చేరువగా నున్న ఆశ్రయస్థలమున వేచియుండి, సాయము వచ్చిన పిదప దిగుదురు. ఈ ఏర్పాటు యుక్తమైనదే. కాని, ఒంటరిగా వేచియున్నవాని మనఃస్థితిని ఒక్క క్షణము తలచిచూడవలెను. క్రిందనుండి కేకలు, పైనుండి పరుగులు వినవచ్చుచుండును. తాను ఇచ్చట ఉన్నట్లు ఎవరికైనను తెలియునా, తెలియదా అను శంక మంటకంటె ముందుగా మనస్సును దహించును. ఆ గోడపై మీట యొకటి యుండి, దానిని నొక్కగానే నియంత్రణగదిలో ఆ అంతస్తు దీపము వెలిగి, "నీవున్న చోటు తెలిసినది; మనుష్యులు వచ్చుచున్నారు" అను మాట వినిపించినచో, అది ఎంత ధైర్యము! ఇట్టి ఇరువైపుల సంభాషణ సాధనములకు బ్రిటనునందు ప్రత్యేక ప్రమాణములు ఏర్పడియున్నవి. పై అంతస్తులలో మంటలతో పోరాడు అగ్నిమాపక దళమువారు క్రిందివారితో మాటాడుటకు మెట్లవద్ద ఎఱ్ఱని టెలిఫోనులను అమర్చుటయు అందొక భాగము.

అయినను అదే బ్రిటనులో, లండను నగరమునందలి గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల నివాసభవనమున 2017 జూన్ 14వ తేదీ వేకువకు ముందే ఘోరాగ్ని చెలరేగెను. ఒక యింట నిప్పంటుకొన్నచో తక్కినవారు తమ యిండ్లలోనే నిలువవలెనని అచటి నియమము. మంట వెలుపలి గోడవెంట పైకెగబ్రాకుటచే ఆ నియమము అపాయకరమయ్యెను. రాత్రి 12 గంటల 54 నిమిషములకు మొదటి పిలుపు అందగా, 2 గంటల 47 నిమిషములవఱకు ఆ సలహా మారలేదు. అది మారిన పిదపనైనను, ఆ సంగతిని భవనములోని వారికందఱకు ఒక్కసారిగా తెలుపు సాధనము లేదు. టెలిఫోనులో ప్రాధేయపడుచున్న వారికి ఒక్కొక్కరికే చెప్పవలసి వచ్చెను. 72 మంది మరణించిరి. ఎత్తైన నివాసభవనములన్నిటికిని దిగిపొమ్మను సంకేతమును పంపు ఏర్పాటు ఉండవలెనని విచారణసంఘము 2019లో సిఫారసు చేసెను.

ఇట్టి ఏర్పాట్లకు ఎదురు చెప్పువారును లేకపోలేదు. నిజము చెప్పినచో జనులు భీతిల్లి త్రొక్కిసలాడుదురని కొందఱందురు. న్యూకాసిల్ అనుభవము ఈ వాదమును త్రోసిపుచ్చుచున్నది. భయమునకు పుట్టినిల్లు అజ్ఞానము. దారి తెలిసినవాడు పరుగెత్తక నడచును. అందఱ చేతులలోను సెల్‌ఫోనులుండగా వేఱొక సాధన మేలయని మఱికొందఱందురు. ఆపద వేళ వేలమంది ఒక్కసారి పిలిచినచో మాట కలియకపోవచ్చును. కలిసినను పిలిచినవారు ఏ అంతస్తున నున్నదీ ఆ ఫోను దానంతట సరిగా చెప్పకపోవచ్చును. వ్యయ మధికమని మఱియు కొందఱందురు. ముఖద్వారమునకు చలువరాళ్ళు పఱచునప్పుడు ఈ లెక్క జ్ఞప్తికి రాదేల? భవనము కట్టునప్పుడే తీగలు వేసినచో వ్యయము తగ్గును. కట్టిన పిదప గోడలు త్రవ్వి వేయుటయే ఎక్కువ వ్యయము.

అయితే యంత్రమును అమర్చినంతమాత్రమున కార్యము ముగియదు. పలుకు మాట నిజమైనదై యుండవలెను. 2001 సెప్టెంబరు 11వ తేదీ ఉదయము న్యూయార్కునందలి వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర గోపురమును 8 గంటల 46 నిమిషములకు విమానము ఢీకొనెను. ప్రక్కనున్న దక్షిణ గోపురమునుండి దిగుచున్న వారికి, తమ భవనము క్షేమముగా నున్నదనియు, మరల తమ గదులకు పోవచ్చుననియు ధ్వనివర్ధకములో వినిపించెను. కొందఱు వెనుకకు మరలిరి. 9 గంటల 2 నిమిషములకు, అవసరమని తోచినచో దిగవచ్చునని వేఱొక ప్రకటన వెలువడెను. మఱునిమిషముననే రెండవ విమానము ఆ గోపురమును తాకెను. రెండవ విమానము వచ్చునని పలికినవా డెఱుగడు, అతనిని నిందింపజాలము. కాని, సంగతి పూర్తిగా తెలియనప్పుడు క్షేమమని చెప్పరాదనియు, దిగుచున్నవానిని ఆపుటకంటె దిగనిచ్చుటయే మేలనియు ఆనాడు లోకము నేర్చుకొనవలసి వచ్చెను. కావున మైకు ముందు కూర్చుండువానికి శిక్షణము కావలెను. నిర్ణయము చేయు అధికారము ఉండవలెను.

ఆ మాట వినువారి భాషలో ఉండుటయు ముఖ్యమే. హైదరాబాదులో నలుబది, ఏబది అంతస్తుల హర్మ్యములు వెలయుచున్నవి. విశాఖపట్టణము, విజయవాడలును ఆ దారినే నడచుచున్నవి. ఇట్టి భవనములలో ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగి యొక్కడే ఉండడు; గదులు ఊడ్చు అవ్వయు, కావలివాడును, వైద్యశాలలో పల్లెనుండి వచ్చిన రోగి బంధువును ఉందురు. వారి ప్రాణము తక్కువదా? తెలుగు, ఉర్దూ, హిందీ భాషలలో చిన్న చిన్న వాక్యములతో ప్రకటనలు ముందుగనే సిద్ధపఱచి యుంచవలెను. చెవులు వినరాని వారికొఱకు వెలిగి ఆఱు దీపములు అమర్చవలెను.

భారతదేశమున 15 మీటర్లును, అంతకు మించియు ఎత్తుగల కట్టడమును ఎత్తైన భవనముగా 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి పరిగణించుచున్నది. అన్ని అంతస్తులకును మాట వినిపించుటకు, అంతస్తులనుండి వచ్చు మాట వినుటకు తగిన నియంత్రణగదిని గూర్చి ఆ నియమావళి చెప్పుచునే యున్నది. నోరును చెవియు కాగితముపై ఉన్నవి. అవి గోడలపైకి రావలెను. వచ్చిన పిదప మూగబోకుండ ఏటేటను పరీక్షింపవలెను. అనుమతిపత్రము కొఱకు ఒక్కనాడు పలికి, పిదప దుమ్ము పట్టి మిన్నకుండు యంత్రము లేనిదానికంటె చెడ్డది. ఏలయన, అది ఉన్నదను నమ్మకముతో జనులు మోసపోవుదురు.

ఈ విషయమున బాలబాలికలకును పని కలదు. పెద్ద భవనమున అడుగిడినప్పుడు మెట్లు ఎచట నున్నవో చూచుకొనుట, అభ్యాసము జరుగునాడు నవ్వుచు నిలువక చెప్పినట్లు నడచుట, నడువలేని తోటివాడు ఎచట వేచియుండవలెనో, అతని మాట ఎవరు విందురో పెద్దలను అడుగుట వారు చేయదగిన పనులు. నేటి బాలురే రేపటి యింజనీర్లు, గృహయజమానులు, అధికారులు. వారు కట్టు మేడలు ఎంత ఎత్తైనవను ప్రశ్న కంటె, ఆపద నాడు ఆ మేడ తనలోనివారితో మాటాడగలదా యను ప్రశ్న మిన్న. డప్పు వాయించిన పిదప మాట చెప్పక దండోరావాడు వెడలిపోరాదు. పల్లెకు ఏనాడో తెలిసిన ఈ నీతి పట్టణమునకు ఇంకను తెలియవలసి యున్నది.