తాతల పేరు తలంచుటకు సిగ్గేల?

మన పిల్లలు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల పేర్లు తడబడక చెప్పుదురు. మీ తాత తండ్రి పేరేమని అడిగినయెడల నోరు మెదపరు. తప్పు పిల్లలది కాదు, చెప్పని పెద్దలది.

"అవి అంధకారకాలపు సంగతులు, రక్షింపబడిన యింట వాటి ప్రస్తావన యేల?" అని కొందరందురు. ఈ మాట భక్తివలె కనబడును గాని వాక్యమునకు విరోధము. యెహోషువ షెకెములో ప్రజలను సమకూర్చి, వారి పితరులు నది అవతల అన్యదేవతలను కొలిచిరని దాచక చెప్పెను. మత్తయి ప్రభువు వంశావళిలో తామారును, రాహాబును విడిచిపెట్టలేదు. తన్ను ఎక్కడనుండి లేవనెత్తిరో తెలియనివానికి కృతజ్ఞత ఎట్లు కలుగును?

మరికొందరి భయము వేరు. తాత చేసిన పని బయటపడునేమో యని వారు వెరతురు. కరీంనగరు పల్లెలలో మాదిగ తోలు ఊని కుట్టిన మోటబొక్కెన లేక బావినీరు పొలమెక్కెనా? మాల నేసిన ముతకబట్ట లేక కూలిజనము ఒడలు కప్పుకొనెనా? సిగ్గుపడవలసినది కూలి ఇయ్యక వెట్టి చేయించినవారు, ఊరి బావిని ముట్టనీయనివారు. చెమటోడ్చినవారు కారు. తాత పేరు దాచు తండ్రి, ఆ వెలివేసినవారి తీర్పునే తన బిడ్డకు అప్పగించుచున్నాడు.

చుట్టు చూడుడి. డక్కలివారు జాంబపురాణము చెప్పి మాదిగల పుట్టుకను తరతరములు నిలిపిరి. ఆదిలాబాదు అడవులలో ప్రధానులు గోండుల వంశగాథలు పాడుదురు. ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ 1940లలో అక్కడి గోండు పెద్దలయొద్ద కూర్చుండి విని, 1948లో గ్రంథము ప్రచురించెను. సముద్రములు దాటి వచ్చినవాడు పరుల తాతలను అడుగగా, మనము మన గుమ్మములోని అవ్వను అడుగకుందుమా? ఆ కథలన్నిటిని నమ్ముడని నేననను. వినుడి, తెలిసికొనుడి అందును.

యొర్దానులోని పండ్రెండు రాళ్లను గిల్గాలులో నిలువబెట్టినది, పిల్లలు చూచి అడుగవలెననియే. మన యింట ఏ రాయియు నిలువలేదు గనుక పిల్లలడుగరు. కావున ఈ వారము కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట వారిని అవ్వయొద్ద కూర్చుండబెట్టుడి. ఏ ఊరినుండి వచ్చితిరి, ఏ పని చేసితిరి, కరువులో ఏమి తింటిరి, మొదట బాప్తిస్మము పొందినదెవరు, అడ్డగించినదెవరు అని పిల్లలచేతనే అడిగించి, నోటుబుక్కులో వ్రాయించుడి. పిదప గుడిలోని పాత బాప్తిస్మపు రిజిస్టరును అడిగి తెప్పించి, ఆ పేరును వ్రేలుపెట్టి చూపుడి. దొర "ఓరీ" యని మాత్రమే పిలిచిన మనిషికి ఆ పుటలో పూర్తి పేరు వ్రాయబడియుండును.