సంఘ మూల విలువలపై సర్వసభ్య సమావేశ తీర్మానం

మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాలు, కాలనీల విశ్వాసులతో కూడిన స్థానిక క్రైస్తవ సంఘం. కాపరి, సంఘపెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్థులు హాజరైన సర్వసభ్య సమావేశంలో ఆమోదించినది.

సమావేశం గుర్తిస్తున్నదేమనగా: వాక్యం, ప్రార్థన, సహవాసం, సువార్త, సేవ అనే ఐదింటిని ఈ సంఘం తన మూల విలువలుగా ఎన్నడో ప్రకటించుకుంది. వాటిలో దేన్నీ తీసివేయవలసిన అవసరం గానీ, ఆరవదాన్ని చేర్చవలసిన అవసరం గానీ సమావేశానికి కనిపించలేదు. అయితే వాటిని పాటిస్తున్నామో లేదో ఎవరు చూడాలి, ఎవరికి లెక్క చెప్పాలి అన్నది ఇంతవరకు ఎక్కడా రాసి లేదు. సంఘం తన డబ్బుతో, ప్రభువు బల్లతో, సమాధుల తోటతో, ఇరుగుపొరుగుతో ఎలా నడుచుకుంటున్నదో దాన్నిబట్టే ఇకమీదట ఈ విలువలను లెక్కగట్టాలని సమావేశం అభిప్రాయపడుతోంది. కింది నిర్ణయాలకు ఆధారం ఇదే.

సమావేశం గమనిస్తున్నదేమనగా: 44వ నంబరు జాతీయ రహదారికి, రాజీవ్ రహదారికి నడుమ ఉన్న ఈ ప్రాంతం ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక గుర్తుపట్టలేనంతగా మారింది. ద్రాక్ష తోటలు ఉన్న చోట్ల లేఅవుట్లు వెలిశాయి. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఒకప్పుడు నాలుగైదు ఊళ్ల కుటుంబాలతో, ఒకరినొకరు వరుసపెట్టి పిలుచుకునే వారితో నిండిన ఆరాధనకు ఇప్పుడు మందుల కంపెనీల ఉద్యోగులు, విశ్వవిద్యాలయాల విద్యార్థులు, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు వస్తున్నారు. అందరికీ తెలిసినవే కదా అని రాయకుండా వదిలేసిన పద్ధతులు ఇంతమందికి చాలవు.

సమావేశం విచారంతో నమోదు చేస్తున్నదేమనగా: క్రీస్తు నందు కులం లేదని ప్రతి ఆదివారం చెప్పుకునే సంఘాల్లోనే పెండ్లి సంబంధాల దగ్గర, పెద్దల ఎన్నికల దగ్గర, చివరికి సమాధుల వరుసల దగ్గర కూడా కులం పని చేస్తోంది. ఈ సంఘం దానికి మినహాయింపు అని చెప్పుకునే ధైర్యం సమావేశానికి లేదు. దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తెలుగు సంఘాల్లో కులాల మధ్య గోడలు కూలాలని తన జీవితకాలమంతా పట్టుబట్టారు. ఒక శతాబ్దం దాటినా ఆ పని పూర్తి కాలేదంటే తప్పు వాక్యానిది కాదు, దాన్ని పాటించవలసిన వారిది.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: ప్రభురాత్రి భోజనంలో పెద్దలకు ముందు, దాతలకు తరువాత, మిగిలిన వారికి ఆఖరున అన్న వరుస ఉండదు. ఎవరు ఎక్కడ కూర్చుంటే ఆ వరుసలోనే రొట్టె, పాత్ర అందుతాయి. మందిరంలో ముందు కుర్చీలు వృద్ధులకు, గర్భిణులకు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, వికలాంగులకు మాత్రమే. కూలి పని నుంచి నేరుగా వచ్చిన వారిని వెనుక చాపల మీదికి పంపడం, కారులో వచ్చిన వారికి ఎదురేగి ముందు చోటు చూపించడం ఇకమీదట పరిచారకుల క్రమశిక్షణకు సంబంధించిన విషయం అవుతుంది. ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన గద్దింపుల్లో చాలా కఠినమైనది సరిగ్గా ఈ బల్ల దగ్గరి తేడాల గురించే కనుక, సమావేశం దీన్ని చిన్నదిగా చూడడం లేదు.

సమావేశం ఇంకా గమనిస్తున్నదేమనగా: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా లభించింది. దళిత క్రైస్తవులకు నేటికీ లేదు. ఈ రాష్ట్రంలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. మతం మారినంత మాత్రాన ఊరు చూసే చూపు మారలేదన్నది ఇక్కడి విశ్వాసుల అనుభవం. ఈ అన్యాయం రాజ్యాంగబద్ధంగా తొలగాలన్న కోరికకు సమావేశం మద్దతు తెలుపుతోంది. అదే సమయంలో, కుల ధ్రువపత్రాల విషయంలో అబద్ధం చెప్పమని ఏ కాపరీ, ఏ పెద్దా సలహా ఇవ్వరాదని, ఒక బిడ్డ చదువు కోసం ఆ చిక్కులో పడ్డ కుటుంబాన్ని వేదిక మీద నుంచి అవమానించరాదని కూడా తీర్మానిస్తోంది.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: సంఘం చేసే ఏ సహాయానికీ బాప్తిస్మంతో ముడి ఉండరాదు. బియ్యం సంచి, బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు అందుకున్న వారిని ఆరాధనకు రమ్మని ఆ సందర్భంలో అడగరాదు. వారి ఫొటోలు తీసి ప్రదర్శించరాదు. ఇది చట్టానికి భయపడి చేస్తున్న నిర్ణయం కాదు. తెలుగు నేల మీద సువార్త చరిత్రే దీన్ని నేర్పింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. కానీ తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కష్టం గడిచాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనకు దగ్గరలోని మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు కాలంలో పని కల్పిస్తూ కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆకలితో వచ్చిన వారికి పని, అన్నం చూపించడం ఒక బాధ్యత. విశ్వాసం గురించి అడిగిన వారికి చెప్పడం మరో బాధ్యత. రెండూ సంఘానివే, కానీ ఒకదాన్ని మరొకదానికి ఎరగా వేయడాన్ని ఈ సంఘం పాపంగానే ఎంచుతుంది.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: కానుకల పెట్టెను ఆరాధన ముగిసిన వెంటనే, అదే హాలులో, కాపరి కుటుంబానికి బంధుత్వం లేని ఇద్దరు లెక్కించి పుస్తకంలో సంతకం చేయాలి. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. గుమ్మం దగ్గర, మైకు స్టాండుకు అంటించే క్యూఆర్ కోడ్ సంఘం పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాకే చెందాలి. కాపరి ఫోన్ నంబరుకు గానీ, పెద్దల ఫోన్ నంబరుకు గానీ ఆదివారపు కానుక వెళ్లరాదు. నెల లెక్క మరుసటి నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద ఉండాలి: ఎంత వచ్చింది, కరెంటు బిల్లుకు ఎంత, కాపరి జీతానికి ఎంత, విధవలకు ఎంత. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద ఈ సంఘానికి నమోదు లేదు కనుక విదేశాల నుంచి ఎవరు ఎంత ప్రేమతో పంపినా తీసుకోబోదు. ఎవరి సొంత ఖాతా ద్వారానూ తెప్పించుకోబోదు.

సమావేశం గుర్తిస్తున్నదేమనగా: రింగ్ రోడ్డు పక్కన గజం ధర పెరిగిన కొద్దీ మందిరాల స్థలాలు తగాదాలకు కారణమవుతున్నాయి. విశ్వాసుల కానుకలతో కొన్న స్థలం ఒక వ్యక్తి పేరున రిజిస్టరు కావడమే చాలాచోట్ల ఆ తగాదాకు మూలం. కావున సంఘం స్థిరాస్తి అంతా తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం పేరుననే ఉండాలి. సర్వసభ్య సమావేశం అనుమతి లేకుండా అమ్మకం, తాకట్టు, డెవలప్‌మెంట్ ఒప్పందం చెల్లవు. కాపరి పిలుపు దేవునిది, నియామకం సంఘానిది; అది తండ్రి నుంచి కొడుకుకు వచ్చే ఆస్తి కాదు. కాపరి కుమారుడైనా కుమార్తె అయినా, మిగిలిన అభ్యర్థులలాగే సంఘం ముందు నిలబడాలి.

సమావేశం స్థిరంగా ప్రకటిస్తున్నదేమనగా: ఈ సంఘం రోగుల కోసం ప్రార్థిస్తుంది, స్వస్థత ఇచ్చేవాడు దేవుడని నమ్ముతుంది. కానీ మందు మానేయమని చెప్పే అధికారం ఈ మందిరంలో ఎవరికీ లేదు. టీబీ, షుగరు, మూర్ఛ, మానసిక వ్యాధులకు వాడుతున్న మాత్రలు ‘విశ్వాసంతో’ ఆపిన వారు ఏమయ్యారో ఇక్కడి కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ మందులు ఉచితంగా దొరుకుతాయి, కోర్సు ముగిసేదాకా వాడాలి. ఈ మాట కూడా ఇకమీదట స్వస్థత ప్రార్థన తర్వాత వేదిక మీద నుంచి చెప్పాలి. వైద్య పరీక్ష లేకుండా స్వస్థత సాక్ష్యాలను వీడియోలుగా ప్రచారం చేయరాదు. మేడ్చల్ మీదుగా పోయే నిజామాబాద్ రైలుమార్గంలోనే ఉన్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నడిపింది. ఆమె ప్రార్థించింది, వైద్యం చేసింది. ఆ రెండింటి మధ్య ఆమెకు కనబడని వైరం ఈ సంఘానికీ అక్కరలేదు.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: ఆదివార బడిలో, సెలవుల బైబిలు బడిలో, హాస్టలు పరిచర్యలో పిల్లల మీద లైంగిక వేధింపు ఆరోపణ వస్తే సంఘపెద్దలు కూర్చొని రాజీ చేయరాదు. పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు తెలపడం బాధ్యత, తెలపకపోవడం నేరం. సంఘం పరువు అన్న మాట ఈ సందర్భంలో పరిగణనకు రాదు.

సమావేశం సంతోషంతో గుర్తు చేసుకుంటున్నదేమనగా: దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్‌గా 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత నియమితులయ్యారు. ఉపవాస కూడికలను, రోగుల పరామర్శను, వంటశాలను మోస్తున్న స్త్రీలు పెద్దల సభలో మాత్రం కనిపించకపోవడం సరికాదు. వచ్చే ఎన్నికల నుంచి పెద్దల సభలో సగం స్థానాలు స్త్రీలవి. కట్నం ఇచ్చిపుచ్చుకున్నట్టు తెలిసిన పెండ్లికి ఈ మందిరంలో ఆశీర్వాదం ఉండదు. దాన్ని కనిపెట్టడం కష్టమని సమావేశానికి తెలుసు. అయినా కాపరి ఇరు కుటుంబాలను కూర్చోబెట్టి స్పష్టంగా అడగాలి. అడిగినట్టు పెండ్లి రిజిస్టరులో రాయాలి.

సమావేశం గమనిస్తున్నదేమనగా: 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు మేడ్చల్ మీదుగా ఉత్తరాదికి నడిచిపోయిన బాట మన ముంగిటి జాతీయ రహదారే. వారిలాంటి వారే ఇప్పుడు మన ఆరాధనలో ఉన్నారు, తెలుగు ప్రసంగం సగమే అర్థమవుతుండగా ఓపికగా కూర్చుంటున్నారు. వాక్య పఠనం తెలుగుతో పాటు హిందీలోనూ జరగాలని, ఆదివారం షిఫ్టు ఉన్న కార్మికుల కోసం సాయంకాల ఆరాధన పెట్టాలని, కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద కార్మిక శాఖకు ఫిర్యాదు రాసిపెట్టే బాధ్యతను యౌవనస్థులు తీసుకోవాలని తీర్మానిస్తోంది.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మందిరం బయట వినబడేలా మైకు మోగదు. ఆల్‌నైట్ ప్రార్థనలకూ ఇదే వర్తిస్తుంది. పరీక్షలు రాసే పిల్లలు, నైట్ షిఫ్టు చేసి వచ్చినవారు పక్కింట్లో ఉన్నారు. వారి నిద్ర చెడగొట్టి చేసే స్తుతిని ఈ సంఘం కోరుకోవడం లేదు. బోనాలు, బతుకమ్మ, రంజాన్ జరుపుకునే పొరుగువారి విశ్వాసాన్ని వేదిక మీద నుంచి హేళన చేయరాదు. ఎన్నికల వేళ ఏ అభ్యర్థికీ మైకు ఇవ్వరాదు. ఎవరికి ఓటు వేయాలో కాపరి చెప్పరాదు. సంఘం మీద దౌర్జన్యం జరిగితే రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కుతో, చట్టబద్ధంగా, నిర్భయంగా నిలబడాలి.

సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నాలుగు సంప్రదాయాలు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడిన చరిత్ర కళ్లముందుండగా, ఒకే వీధిలోని సంఘాలు ఒకరి విశ్వాసులను మరొకరు లాక్కోవడం తగదు. మరో సంఘం సభ్యుడు వస్తే ముందుగా ఆ సంఘ కాపరితో మాట్లాడాలి.

సమావేశం ఆందోళనతో నమోదు చేస్తున్నదేమనగా: కాలనీలు పెరిగాయి గానీ క్రైస్తవుల సమాధులకు చోటు పెరగలేదు. ఎవరైనా కన్నుమూస్తే దుఃఖంలో ఉన్న కుటుంబం భూస్థాపనకు చోటు కోసం తిరగవలసి వస్తోంది. ఈ ప్రాంతపు సంఘాలన్నిటితో కలిసి సమాధుల తోటకు భూమి కేటాయించాలని జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న చోట కుల వరుసలు, డినామినేషన్ వరుసలు ఉండవు. వచ్చిన క్రమంలోనే భూస్థాపన. సిమెంటు గోరీలు కట్టరాదు, పేరు, తేదీలతో ఒక రాయి చాలు. పేద కుటుంబాల దగ్గర భూస్థాపన ఖర్చు తీసుకోరాదు.

సమావేశం చివరగా తీర్మానిస్తున్నదేమనగా: ఈ నిర్ణయాల అమలును చూసే కమిటీలో పెద్దల సభ సభ్యులెవరూ ఉండరు. కమిటీ నివేదిక ఏటా సర్వసభ్య సమావేశం ముందుకు రావాలి. ఇందులోని ఏ అంశాన్నైనా మార్చాలంటే ముందుగా నోటీసు ఇచ్చి పిలిచిన సర్వసభ్య సమావేశంలో హాజరైన వారిలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. కాపరికి గానీ, పెద్దల సభకు గానీ ఆ అధికారం లేదు.

అధ్యక్షుని, కార్యదర్శి సంతకాలతో మినిట్స్ పుస్తకంలో నమోదైనది.