“అయితే” దగ్గర ఆగిపోవద్దు: “వుడ్” కూడా మనదే



ఇంటర్వ్యూల్లో, గ్రూప్ డిస్కషన్లలో ఒక ప్రశ్న తరచుగా వస్తుంది: “మీరే ఈ జిల్లా కలెక్టర్ అయితే ఏం చేస్తారు?” చెప్పడానికి మన దగ్గర బోలెడు విషయం ఉంటుంది. రోడ్డు, బడి, పోడు పట్టా, తాగునీళ్లు. కానీ “ఐ విల్” అనాలా, “ఐ వుడ్” అనాలా అన్న దగ్గర తడబడతాం. ఇది తెలివి తక్కువై కాదు. బడిలో దీన్ని ఖాళీలు పూరించే పనిగానే నేర్పారు, మన బతుకుతో కలిపి నేర్పలేదు.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. తెలుగులో “కలెక్టర్ అయితే” అనే మాట రెండు పనులు చేస్తుంది. సివిల్స్‌కి చదువుతున్నవాళ్లూ అదే అంటారు, ఊరికే ఊహించి చెప్పేవాళ్లూ అదే అంటారు. ఇంగ్లీష్ ఈ రెండిటినీ విడదీస్తుంది. జరిగే అవకాశం ఉందనుకుంటే “ఇఫ్ ఐ బికమ్ ద కలెక్టర్, ఐ విల్”. ఇప్పటికి ఊహ మాత్రమే అయితే “ఇఫ్ ఐ వర్ ద కలెక్టర్, ఐ వుడ్”. “ఐ” పక్కన “వర్” ఏంటని కంగారు పడొద్దు, అది ఊహకు గుర్తు.

జరిగిపోయిన దాని గురించి అయితే తెలుగే మనకు దారి చూపిస్తుంది. “రోడ్డు ఉండి ఉంటే ఆమె బతికేది.” ఇందులో “ఉండి ఉంటే” అన్నది “హ్యాడ్ బీన్”, “బతికేది” అన్నది “వుడ్ హ్యావ్ సర్వైవ్డ్”. “బతికేదేమో” అంటే “మైట్ హ్యావ్”. “బతకగలిగేది” అంటే “కుడ్ హ్యావ్”. “రోడ్డు వేసి ఉండాల్సింది” అంటే “షుడ్ హ్యావ్”. ఈ చివరిది ఊహ కాదు, నిలదీయడం. చేయాల్సినవాళ్లు చేయలేదని చెప్పడం. అర్జీలో “ప్లీజ్” పది సార్లు రాసేకంటే “షుడ్ హ్యావ్” ఒక్కసారి సరిగ్గా రాస్తే బరువెక్కువ.

ప్రాక్టీసుకి గైడ్లు అక్కర్లేదు, మన చరిత్ర చాలు. 1/70 చట్టం రాకపోయి ఉంటే ఏజెన్సీలో ఇంకెంత భూమి చేజారేది? 1997లో సమత తీర్పు రాకపోయి ఉంటే మన కొండలు ఎవరి లీజుల్లో ఉండేవి? 2020లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేయకపోయి ఉంటే ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు ఎవరికి దక్కేవి? ఇవి మన ప్రశ్నలు. వీటన్నిటికీ ఇంగ్లీష్‌లో జవాబు “వుడ్ హ్యావ్”తో చెప్పొచ్చు.

“మన భాషలే పోతుంటే ఈ ఇంగ్లీష్ గ్రామర్ గోలేంటి” అని కొందరు అడుగుతారు. ఆ బాధ నిజమే, మాకూ ఉంది. కానీ ఆ సమత తీర్పు, జీవో 3 తీర్పు రాసింది ఇంగ్లీష్‌లోనే. మన భూమి గురించి, మన ఉద్యోగాల గురించి రాసిన దాన్ని ఇంకొకరు చదివి చెప్పేదాకా ఎందుకు కూర్చోవాలి? ఒక భాష నేర్చుకుంటే ఇంకోటి వదిలేయాలని ఎక్కడా లేదు.

అందుకే మనం ఒక పని పెట్టుకుందాం. ఈ ఆదివారం హాస్టల్‌లో నలుగురు కూర్చుని మీ గూడెం, మీ తండా గురించి మూడు వాక్యాలు రాయండి. ముందు కోయలోనో, కువిలోనో, సవరలోనో, లంబాడీలోనో. తర్వాత తెలుగులో. ఆ తర్వాత ఇంగ్లీష్‌లో. “ఇలా ఉండి ఉంటే ఇలా జరిగేది” అని మీ ఇంటి భాషలో ఎలా అంటారో అవ్వనో తాతనో అడగండి. లేనిదాన్ని ఊహించుకోగలిగినవాళ్లే దాన్ని గట్టిగా అడగగలరు. ఆ అడిగే మాట ఇంగ్లీష్‌లో కూడా మన నోట తడబడకుండా రావాలి.