‘సున్నా వడ్డీ’ ఎవరు కడుతున్నారు?

పెద్దపండుగ ఇంకా మూడు వారాలుందనగానే దేవరాపల్లి వీధుల్లో మైకు ఆటోలు తిరగడం మొదలవుతుంది. పొద్దున్నే పేపరు విప్పితే ఒళ్లో రంగుల కరపత్రం జారిపడుతుంది. ‘0% వడ్డీ’ అన్నది అరచెయ్యంత. అడుగున ‘షరతులు వర్తిస్తాయి’ అన్నది చీమ తలకాయంత. ఆ కరపత్రాలు మోసుకొచ్చే పేపర్లలో మాదీ ఒకటి. అయినా చెప్పక తప్పదు: పంట మీద, కూలి మీద బతికే ఇల్లు పండుగ సేల్లో నెలవాయిదాలకు ఒప్పుకోకూడదు. అప్పు షరతులు తెలుగులో చూపించని కౌంటరు కొట్టులో ఉండకూడదు.

సున్నా వడ్డీ మాట మన ఆడవాళ్లకు కొత్త కాదు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పేరుతోనే డ్వాక్రా సంఘాల వడ్డీ భారం తీసుకుంది. అక్కడ వడ్డీ లేకపోలేదు, ప్రభుత్వం కట్టింది. కొట్టువాడి సున్నా ఆ నమ్మకాన్నే అరువు తెచ్చుకుంది. మరి ఇక్కడ కట్టేదెవరు?

ఓ లెక్క వేద్దాం. టీవీ ధర 24,000 రూపాయలు. బేరమాడి రొక్కమిస్తే 22,000కి ఇస్తాడనుకోండి. వాయిదాలకైతే తగ్గింపు లేదు. నెలకు 2,000 చొప్పున పన్నెండు నెలలు, పైగా ఫైలు ఖర్చు 600 ముందే. 22,000 సరుకుకు 24,600 అయింది. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల వడ్డీ అంటే మొహం చిట్లించే మనిషి, ఏసీ కొట్టులో దీన్ని సున్నా అనుకుని నవ్వుతూ ఫొటో దిగుతాడు. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదనీ, వడ్డీని ఫీజుల్లో దాచే ఇలాంటి పథకాలు మానుకోవాలనీ బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది.

వడ్డీ కన్నా పెద్ద చిక్కు తారీఖుది. నెలవాయిదా అన్నది నెలజీతగాడి కొలతకు కుట్టిన చొక్కా. రైవాడ జలాశయం నీటి కింద చెరకు వేసిన రైతుకు నెలనెలా ఏమొస్తుంది? సంక్రాంతి నాటికి సగం చెరకు చేలోనే ఉంటుంది. బిల్లు చేతికొచ్చేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ బకాయిల కోసం రైతులు రోడ్డెక్కడం మనం చూసిందే. అప్పిచ్చిన కంపెనీ మాత్రం ఫిబ్రవరిలోనే ఖాతాలో చెయ్యి పెడుతుంది. డబ్బు లేకపోతే బ్యాంకు ఛార్జీ ఒకటి, కంపెనీ ఛార్జీ ఒకటి. ఉపాధి కూలి పడిన రోజే అవి కోతపడతాయి.

పండుగకు కొత్త వస్తువు కొనొద్దని ఎవరూ అనరు. చీటీ పాడుకునో, చెరకు బిల్లు వచ్చాకో రొక్కంతో కొన్నా అదే టీవీ, అదే బొమ్మ. సేలు పోతుందన్న బెంగ అక్కర్లేదు. సంక్రాంతి పోతే ఉగాది, ఆషాఢం, దసరా. 2014 అక్టోబరు 6న ‘బిగ్ బిలియన్ డే’ అంటూ ఒక్క రోజు సంబరం మొదలెట్టిన ఫ్లిప్‌కార్ట్‌కు ఇప్పుడు ఆ ఒక్క రోజు చాలడం లేదు. ‘ఇంక రెండే మిగిలాయి’ అని లేని తొందర పెట్టడం తప్పని కేంద్రం 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లోనే రాసింది.

అప్పు కాగితానికీ నియమం ఉంది. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో, తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో, ముందే రాసివ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. కౌంటరు దగ్గర జరిగేది వేరు. ఫోన్లో ఇంగ్లీషు పేజీలు, వాటిని వేలితో పైకి తోసేసేదీ కౌంటరు కుర్రాడే. ‘ఓటీపీ చెప్పండమ్మా’ అంటాడు. కొనడానికొచ్చినావిడ కళ్లద్దాలు వెతుక్కుని ఆరంకెలూ చదివి వినిపిస్తుంది. అప్పు పుట్టేసింది.

అధికారులు పండుగ వెళ్లాక ఫిర్యాదులు రాసుకోవడానికి కాదు, పండుగకు ముందే దేవరాపల్లి, చోడవరం, అనకాపల్లి కొట్లకు రావాలి. రొక్కం ధర, వాయిదాలన్నీ కలిపిన ధర పక్కపక్కనే రాయించాలి. మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఇక మా వంతు: ఆ రెండు ధరలూ లేని కరపత్రాన్ని ఈ సంక్రాంతి నుంచి మా పేపరు మడతలో పెట్టొద్దని ఏజెంట్లకు చెప్పేశాం.