పడవ పంపేదెవరు?

ఇంగ్లీషు దస్తావేజుల భాషకు పనిచేసేవాణ్ణి వాక్యంలోంచి తప్పించడమంటే మహా సరదా. మనకు ఆ అలవాటు లేదు. 'వచ్చాడు' అంటే చాలు, కర్త క్రియ చివరనే కనబడతాడు.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. కచేరీలలోకి తెలుగు అక్షరాలు వచ్చాయి గాని, వాక్యం చాలాచోట్ల ఇంగ్లీషుదే మిగిలింది.

దీనివల్ల నష్టమేమిటంటారా? ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 అయితే రెండవది, 17 అయితే మూడవది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అటువంటప్పుడు మన కోనసీమ లంకలో 'ప్రజలు తరలింపబడవలెను' అని నోటీసు పెట్టారనుకోండి. ఇంగ్లీషులో 'షల్ బీ' అంటే తరలించడం సర్కారు విధి అని ప్లీడరు వాదిస్తాడు. తెలుగులో 'వలెను' వినగానే లంకలోని ముసలమ్మ, 'నేనే పోవాలి కాబోలు' అనుకుంటుంది. ఎలా పోతుంది? పడవ పంపేదెవరో 'బడు' కాస్తా మింగేసిందాయె!

'వచ్చు' మరీ గడుసుది. 'ఏటిగట్టు తెగవచ్చు' అంటే భయం, 'రేవు దాటవచ్చు' అంటే అనుమతి. ఇంగ్లీషు 'మే'కూ ఇదే జబ్బు లెండి.

ఆ నోటీసును తిరగవ్రాయమని క్లాసులో పిల్లలకిచ్చాను. రాజోలు వైపు లంక కుర్రవాడొకడు రెండే ముక్కలు వ్రాశాడు: 'తహశీల్దారుగారు పడవ పంపుతున్నారు. చీకటి పడకముందే రేవుకు రండి.'