ఎఱ్ఱనేల బీడు కాదు

భూమిని గుఱించి మాటలాడువారు దేశమున పెక్కురు గలరు. మన్నును గుఱించి విచారించువారు మాత్రము మిక్కిలి అరుదు. అనంతపురపు మెట్ట యనగానే కఱవు, వలస, బోరుబావుల అప్పులు అను మూడుమాటలే వినవచ్చుచున్నవి. లేపాక్షి ప్రసక్తి వచ్చినను వీరభద్రాలయము, వ్రేలాడు స్తంభము, ఏకశిలానంది అను వానితో ప్రసంగము ముగియును. ఆ నందిని చూడవచ్చిన యాత్రికుడు త్రొక్కి నడచిన ఎఱ్ఱనేలను తలచువాడు లేడు. నాలుగు వందల యేండ్లకు పైబడిన శిల్పమును రక్షించుటకు చట్టములున్నవి. వేలయేండ్లకుగాని తయారుకాని మన్నును రక్షించుటకు ఏమున్నదని అడుగవలసిన సమయము వచ్చినది.

ఈ నేల స్వభావమును ముందుగా గ్రహింపవలెను. లేపాక్షి, హిందూపురము, పెనుకొండ ప్రాంతముల మెట్టభూములు చాలవఱకు నల్లరాతి గుట్టలు యుగయుగములుగా శిథిలమై యేర్పడినవి. వాననీరు సన్నని మట్టిరేణువులను మెల్లమెల్లగా క్రిందికి దించుకొని పోవుటచేత పైని ఇసుకపాలు, అడుగున బంకపాలు హెచ్చినవి. ఇనుపతుప్పు వంటి పదార్థము కలియుటచేత ఎఱుపువన్నె గలిగినది. అడుగున నున్న ఈ బంకమన్ను నల్లరేగడివలె ఎండకు పెద్దనెఱ్ఱెలు విచ్చదు, వానకు అంతగా పొంగదు. రేగడియంత నీటిని పట్టియుంచదు గాని, పైయిసుక నిలుపలేని తేమను తాను కొంత నిలుపును. కావున ఈ నేల ఒకటిగా కనబడుచున్నను రెండు నేలలు. పైపొర విత్తనమునకు పాన్పు, అడుగుపొర వేరునకు గాదె.

రెండు పొరలకును గుణములతోపాటు దోషములును గలవు. పైనేల గుల్లగా నుండుటచేత స్వల్పమైన పదునుకే దుక్కి వచ్చును, తొలకరికే గొఱ్ఱు సాగును. వేరుసెనగ ఊడలు సులభముగా దిగును, కాయలు తెగక పెఱుకవచ్చును. కాని ఆ మన్నులో జీవపదార్థము తక్కువ, నత్రజని తక్కువ, పలుచోట్ల జింకుధాతువు కూడ తక్కువ. గట్టివాన కొట్టి వెంటనే ఎండకాసినచో పైన అట్టకట్టును. మొలక ఆ అట్టను పగిలించుకొని రాలేదు, తరువాతి వాన లోనికి దిగలేదు. అడుగుబంక తేమను దాచును గాని, కుండపోతగా కురిసిన నీటిని తొందరగా లోనికి పోనీయదు. అప్పుడు నీరు వాలువెంట పాఱుచు, ఏ పైపొరవలన ఆ పొలము పొలమైనదో ఆ పొరనే వాగులో కలుపును. మిగులునది గరుసు, గట్టిబంక. అట్టి చేనిని చూచి ‘నేల చచ్చినది’ అందుము. అది చచ్చినది కాదు, మన అశ్రద్ధచేత కొట్టుకొని పోయినది.

నీరు లేదను మాటను కొంచెము లెక్కవేసి చూతము. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్యపు వాన తూర్పుతీరమున చాలభాగము కురిసిపోవుటచేతను అనంతపురపు సీమకు సాలీన సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే వచ్చుచున్నది. స్వల్పమే, సందేహము లేదు. కాని ఎకరముమీద ఒక్క మిల్లీమీటరు కురిసినచో నాలుగువేల లీటర్లకు పైగా నీరగును. ఆ లెక్కను సగటు సంవత్సరమున ప్రతి యెకరమునకును ఇరువదిరెండు లక్షల లీటర్లు ఆకాశమునుండి దిగుచున్నవి. అందెంత అడుగుబంకను చేరినది, ఎంత మన్నును మోసికొని పోయినది అనునదే పంటకును కఱవునకును మధ్యనున్న భేదము.

మన పూర్వులకు ఈ వివేకము లేకపోలేదు. కడపమండలమందలి పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును త్రవ్వించెను. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. గట్టిమన్ను గల నేల అంగములలో నొకటి, చవుటినేల దోషములలో నొకటి. రెండు రాజ్యముల పొలిమేరలో చెఱువుండుటయు దోషమేనట! కర్ణాటకపు సరిహద్దున నున్న లేపాక్షివారికి ఈ మాటలోని అర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. గొలుసుకట్టు చెఱువులు నిండుటయు ఎండుటయు ఎగువవారి చేతలను బట్టి యుండును గదా. ఏమైనను, నీటికి ముందు మన్నును పరీక్షించుట మన సంప్రదాయము.

ఇప్పటి సంప్రదాయమేమి? 2015లో కేంద్రప్రభుత్వము భూసారపత్రముల పథకము నారంభించినది. పండ్రెండు లక్షణములను పరీక్షించి రైతునకు పత్రమిచ్చుట మెచ్చదగినదే. కాని ఆ పరీక్షకు సాధారణముగా తీయు మన్ను పై ఆఱంగుళములది. రెండు పొరల నేలకు ఒక పొర జాతకమే వ్రాసినట్లైనది. పైమన్ను ఎన్ని యంగుళములు మిగిలినది, బంక ఎంతలోతున నున్నది, దాని మందమెంత అను మూడు ప్రశ్నలకు ఆ పత్రమున జవాబు లేదు. అనంతపురపు రైతు అదృష్టము ఆ మూడింటిపైననే ఆధారపడి యున్నది.

ఈ అజ్ఞానమునకు మూల్యము చెల్లించుచునే యున్నాము. ఉపాధిహామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మొదలైనది అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పథకముక్రింద ఈ సీమయందు నీటిగుంటలెన్నో త్రవ్వబడినవి. బంకపొరయందు అడుగుండునట్లు త్రవ్విన గుంట నీటిని నిలుపును. ఇసుకలోనే ఆగిన గుంటయు, బంకను చీల్చి క్రింది మొరములోనికి దిగిన గుంటయు ఇంకిపోవును. ఇంకిన నీరు భూగర్భమునకు మేలే యగును గాని, పైరు వాడునాడు ఒక్క తడి కొఱకు ఎదురుచూచు రైతునకు ఆ మేలు దక్కదు. కొలతలు కాగితముపై నొక్కటే, మన్ను మాత్రము ప్రతిపొలమున వేఱు.

పంటయందును ఇదే తీరు. నూనెగింజల ధర చూచి ఒకనాడు ఉమ్మడి అనంతపురము జిల్లా లక్షలాది హెక్టార్లు వేరుసెనగ కొక్కదానికే అప్పగించినది. ఆ పైరు ఈ మన్నునకు తగినదే. కదిరి పరిశోధనాస్థానమువారు బెట్టకు తాళు క్రొత్తరకమునకు ‘కదిరి లేపాక్షి’ అని పేరిడుట యుచితమే. తప్పు పంటది కాదు, ఏకపంటది. కాయతో, కట్టెతో, వేరుతో సహా పెఱికి, ఆకు పశువునకు వేసి, ఎఱువు మఱల చేనికి చేరకున్నచో మన్నునకు మిగులున దేమి? రాగి, కొఱ్ఱ, జొన్న నేలపైని గడ్డిని, మొదళ్లను విడిచిపోవును. కంది వేరు బంకలోనికి దూరి తరువాతి పైరునకు దారితీయును. ఉలవ, అనుము నేలను కప్పి వానదెబ్బను కాచును. పెద్దలు వీనిని కలిపి విత్తినది పేదఱికముచేత మాత్రమే కాదు.

‘కాలువనీరు వచ్చినచో ఇవన్నియు ఎందుకు?’ అని కొందఱందురు. నీటిపై రాయలసీమ హక్కును మేమెన్నడును తగ్గించి చెప్పము. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగులో జరిగిన ఒడంబడిక ఆ హక్కును వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నది. హంద్రీ–నీవా కాలువ కృష్ణాజలమును ఈ మెట్టకు తెచ్చినది. రావలసినది ఇంకను రావలెను. కాని ఏ కాలువయు ప్రతి గట్టును ఎక్కజాలదు. వచ్చిన నీటినైనను ఇట్టి నేలపై మడులు నింపి పాఱించినచో ఇసుకలో కొంత, వాలున కొంత వ్యర్థమగును. బొట్టుబొట్టుగా మొదటికి అందించినచో మామిడి, చింత, మల్బరీ ఈ మన్నుననే నిలుచును.

‘బీడుభూమిని పరిశ్రమలకిచ్చిన నష్టమేమి?’ అని మఱికొందఱు. పరిశ్రమలు రావలసినవే, యువకులకు పని కావలసినదే. కాని బీడనునది మన్నుయొక్క గుణము కాదు, దస్త్రములో వ్రాసిన మాట. 1800 నుండి 1807 వఱకు దత్తమండలములను పాలించిన మన్రో కాలమునుండి శిస్తు రాబట్టుటకై నేలను తరగతులుగా విభజించుచు వచ్చినారు. శిస్తు తక్కువైన నేలకు విలువయు తక్కువ యను భావము ఆ దొరతనము పోయినను పోలేదు. పండునేలను కట్టడములకు తీసికొనక తప్పనిచో, పైమన్నును ముందుగా ఎత్తి ఇరుగుపొరుగు చేలకు చేర్పవలెనను నియమమైనను ఉండవలదా?

మేము కోరునది అసాధ్యము కాదు. గ్రామగ్రామమున పొలమునకొక గోయి తీసి, పైమన్ను లోతును, బంక లోతును భూసారపత్రమున చేర్పుడు. వాలునకు అడ్డముగ దుక్కియు, చాళ్లనడుమ నీటిసాళ్లును సాగువాటుగ చేయుడు. చెఱువుల పూడికమన్నును చేలకు చేర్చిన రైతునకు బండికూలి యిండు, అది చేనినుండి పోయిన సొమ్మే గదా. వేరుసెనగతో కంది కొఱ్ఱలను కూడ ధర నిచ్చి కొనుడు. ఇవి చేసినచో వాన హెచ్చదు గాని, కురిసిన వాన మనదగును.

స్వరాజ్యమునకు అర్థము స్వభూమిని తెలిసికొనుట కూడ. విరూపణ్ణ తన కూర్మశైలమున రాతిని పరీక్షించి గుడి నిలిపెను. మన్నును పరీక్షించి పొలము నిలుపు పని మనకు మిగిలినది. ఈ తొలకరికి ముందే దానికి పూనుకొందుము గాక.